మీ గురించి చెప్పమంటే... మా ఊరి గురించి చెప్పా!

'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్.'

నా మొదటి ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న పడగానే, రాత్రంతా బట్టీ కొట్టిన పేరా గడగడా అప్పజెప్పేశా. పేరు, కాలేజీ, పర్సెంటేజీ, 'హార్డ్ వర్కింగ్', 'క్విక్ లెర్నర్', 'టీమ్ ప్లేయర్'... అన్నీ వరసగా వచ్చేశాయి. ఊరి పేరు దగ్గరే గొంతు తడబడింది. బెంగళూరులో చౌడేపల్లె అంటే ఎవరికి తెలుసు? తెలిసినా ఏమనుకుంటారో? అందుకే 'తిరుపతి దగ్గర' అనేశా.

ఎదురుగా కూర్చున్న పెద్దాయన ముఖం విప్పారింది. "మేం ఏటా వస్తాం. తిరుపతిలో మీ ఇల్లెక్కడ? అక్కడ మంచి టిఫిన్ ఎక్కడ దొరుకుతుంది?" అని ఆప్యాయంగా అడిగారు. నాకు తెలిసిన తిరుపతి అంటే బస్టాండు, అలిపిరి మెట్లు. అంతే. ఏదో గొణిగా. ఆయన ముఖంలో ఉత్సాహం తగ్గిపోవడం నాకు కనిపిస్తూనే ఉంది. ఆ కంగారులో తర్వాత అడిగిన జావా ప్రశ్నలకు తెలిసినవి కూడా తప్పు చెప్పా.

ఉద్యోగం రాలేదు.

నేను బయల్దేరే ముందు మా అమ్మ బోయకొండకు వెళ్లి గంగమ్మను పువ్వడిగింది. అమ్మవారి శిరసు మీద పెట్టిన పువ్వు కుడివైపు పడితే అనుకున్నది జరుగుతుందని మా వైపు నమ్మకం. పువ్వు కుడికే పడిందట. అందుకే ఫోన్ చేసి 'రాలేదమ్మా' అని చెబితే తను ఏమాత్రం తడుముకోలేదు. "అమ్మ ఇస్తాననే చెప్పింది నాయనా. నువ్వే తీసుకోలేదు. ఇంతకీ ఏం చెప్పినావు ఆడ?" అంది.

ఏం చెప్పినావు ఆడ? అప్పుడు చిరాకేసింది కానీ, ఇంటర్వ్యూ గురించి నన్నెవరైనా అడిగిన అసలైన ప్రశ్న అదే. అక్కడ నేను చెప్పిందంటూ ఏమీ లేదు. నెట్‌లో ఎవరో రాసిపెట్టింది చెప్పా. సొంతంగా చెప్పిన ఒకే ఒక్క మాట అబద్ధం.

ఇప్పుడు బెంగళూరులోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. రెండేళ్లుగా ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేసే ప్యానెల్లో కూడా కూర్చుంటున్నా. కుప్పం నుంచి రైలెక్కి, మదనపల్లె, పుంగనూరుల నుంచి తెల్లారుజామున బస్సెక్కి వచ్చే పిల్లల్ని చూస్తుంటే నన్ను నేను చూసుకున్నట్టే ఉంటుంది. టేబుల్‌కి రెండు వైపులా కూర్చున్నాక అర్థమైన సంగతులు ఇవి.

సాయంత్రానికి గుర్తుండేదెవరు?

శనివారం డ్రైవ్ అంటే ఒక్కొక్కరం ఆరేడుగురిని చూస్తాం. ఒక్కొక్కరికి ముప్పావు గంట. అయిపోగానే ఫీడ్‌బ్యాక్ ఫారం నింపాలి. కోడింగ్ ఎలా ఉంది? బేసిక్స్ ఎలా ఉన్నాయి? విషయం చెప్పడం ఎలా ఉంది? తీసుకుందామా, వద్దా? ఎందుకు? ఆ చివరి 'ఎందుకు' దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. కోడింగ్‌లో నలుగురికి దాదాపు ఒకే మార్కులు వచ్చి ఉంటాయి. నలుగురూ హార్డ్ వర్కింగే, నలుగురూ క్విక్ లెర్నర్సే. సాయంత్రం ఐదింటికి ఏ ముఖానికి ఏ జవాబో గుర్తుండదు.

ఒకమ్మాయి మాత్రం ఇప్పటికీ గుర్తుంది. మదనపల్లె నీరుగట్టువారిపల్లె అమ్మాయి. ఆ పేట పట్టుచీరల మగ్గాలకు పేరు. 'మీ బలం ఏంటి?' అని అడిగితే ఇలా చెప్పింది: "మా ఇంట్లో మగ్గం ఉంది సార్. ఒక చీరల వరస అయిపోయాక కొత్త నూలును పాత పోగులకు ఒక్కొక్కటిగా అతకాలి. వేల పోగులుంటాయి. సెలవుల్లో ఆ పని నాదే. ఒక్క పోగు వరస తప్పినా చీర మీద కనబడిపోతుంది. అందుకే గంటల తరబడి ఒకే పని మీద కూర్చోవడం నాకు విసుగనిపించదు."

'ఐ యామ్ పేషెంట్' అని ఆమె అనలేదు. ఆ మాట నా ఫారంలో నేను రాసుకున్నా.

'పర్సనాలిటీతో జవాబు చెప్పడం' అంటే నాకు తెలిసి ఇదే. జోకులు వేయడం కాదు, సినిమా డైలాగులు కొట్టడం కాదు, కోటు వేసుకుని గట్టిగా మాట్లాడటం అసలే కాదు. మీ జవాబులోంచి మీ పేరు తీసేసి పక్కవాడి పేరు పెడితే సరిపోకూడదు. అంతే పరీక్ష. 'నేను కష్టపడతాను' అన్నది ఎవరికైనా సరిపోతుంది. వేల పోగులు అతికిన సెలవులు ఆ అమ్మాయికి మాత్రమే సరిపోతాయి.

ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లో జరుగుతుంది కదా అంటారా? నిజమే. ఇక్కడ చదవడానికి తెలుగులో రాశా కానీ ఆమె చెప్పింది ఇంగ్లిష్‌లోనే. చిన్న చిన్న వాక్యాలు. ఒకటి రెండు చోట్ల గ్రామర్ తప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. సొంత సంగతికి చిన్న వాక్యాలు చాలు. అరువు తెచ్చుకున్న సంగతికే పెద్ద ఇంగ్లిష్ కావాలి.

'మీ గురించి చెప్పండి'

మీ రెజ్యూమే వాళ్ల చేతిలోనే ఉంది. పదో తరగతి మార్కుల నుంచి మళ్లీ మొదలుపెట్టొద్దు. మూడు ముక్కలు చాలు. ఇప్పుడు ఏం చేస్తున్నారు? మీరు చేసిన వాటిలో మీకు నచ్చిన ఒక పని ఏంటి? ఈ ఉద్యోగానికి ఎందుకొచ్చారు? అన్నీ కలిపి నిమిషంన్నర.

ఊరి పేరు వస్తే దాచొద్దు. నా రెండో ఇంటర్వ్యూలో 'మాది చౌడేపల్లె, పుంగనూరు దగ్గర' అన్నా. 'అదెక్కడ?' అన్నారు. "పుంగనూరు ఆవు గురించి వినే ఉంటారు సార్. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లే. ప్రపంచంలోనే పొట్టి ఆవు జాతుల్లో ఒకటి. మామూలు ఆవు పాలలో వెన్న మూడు నుంచి ఐదు శాతం ఉంటే, దీని పాలలో ఎనిమిది దాకా ఉంటుంది. తక్కువ మేత, చిక్కటి పాలు. నేను రాసే కోడ్ కూడా అలా ఉండాలని నా కోరిక" అన్నా. ఇద్దరూ నవ్వేశారు. గదిలో గాలి తేలికైంది.

ఆ ఉద్యోగం వచ్చింది. చాలా రోజులు పుంగనూరు ఆవే ఇప్పించిందని స్నేహితుల దగ్గర గొప్పలు పోయా. ఇప్పుడు ప్యానెల్లో కూర్చున్నాక తెలుస్తోంది, ఆవు తలుపు తీసిందంతే. 'సరే, అలాంటి కోడ్ ఎక్కడ రాశావు?' అని వెంటనే అడిగారు. కాలేజీ ప్రాజెక్టులో నెమ్మదిగా నడిచే ఒక రిపోర్టును నేను ఎలా వేగంగా మార్చానో బోర్డు మీద గీసి చూపించా. మార్కులు పడింది దానికే. చూపించడానికి ఆ పని లేకపోతే ఆవు కథ వట్టి తమాషాగా మిగిలేది.

ఇంకో మాట. మదనపల్లె అంటే 1919లో ఠాగూర్ బీటీ కాలేజీలో ఉండి జనగణమనను ఇంగ్లిష్‌లోకి తర్జుమా చేసిన ఊరు. కుప్పం అంటే 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసిన ఊరు. ఇవన్నీ ఒక వాక్యంలో చెబితే బాగుంటాయి. కానీ అవి ఊరి గొప్పలు. రెండో వాక్యం నుంచి మీ సంగతి రావాలి.

బలహీనత అడిగితే బలం చెప్పొద్దు

'నా వీక్‌నెస్ ఏంటంటే... నేను పర్ఫెక్షనిస్టుని సార్.' ఈ జవాబు విన్నప్పుడు మేం ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా ఉండటానికి చాలా కష్టపడతాం. 'పని ఎక్కువ చేసేస్తాను' అనేది దీని తమ్ముడు.

ఆ ప్రశ్న అడిగేది మీ తప్పులు పట్టుకోవడానికి కాదు. మీ లోపం మీకు తెలుసా, తెలిస్తే ఏం చేస్తున్నారు అని చూడటానికి. నిజంగా ఉన్న ఒక చిన్న లోపం, దానివల్ల జరిగిన ఒక నష్టం, ఇప్పుడు పాటిస్తున్న ఒక పద్ధతి. మూడూ చెప్పాలి.

నాదైతే ఇది: "నాకు సాయం అడగాలంటే మొహమాటం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సమస్య మీద రెండు రోజులు ఒక్కణ్నే తన్నుకున్నా. చివరికి అది సెట్టింగ్స్‌లో ఒక్క లైను తప్పు. పక్క సీటాయన ఐదు నిమిషాల్లో చెప్పారు. అప్పట్నుంచీ ముప్పావు గంట ప్రయత్నించి తెగకపోతే అడగాలని నియమం పెట్టుకున్నా. అడిగే ముందు ఏమేం ప్రయత్నించానో రాసుకుని వెళ్తా." ఈ జవాబు చెప్పినప్పుడు ఒకసారి ఎదుటి మేనేజర్ 'మా టీమ్‌లో అందరికీ ఆ నియమం పెట్టాలి' అన్నారు.

అలాగని మరీ మనసు విప్పేయకండి. 'పొద్దున లేవలేను', 'ఎవరైనా తప్పు చెబితే కోపం వస్తుంది' లాంటివి నిజమే అయినా ఆ గదిలో చెప్పేవి కావు. ఇంటి అప్పులు, గొడవలు చెప్పి జాలి సంపాదించాలని చూడొద్దు. జాలితో ఉద్యోగం ఇవ్వడానికి ఫారంలో గడి లేదు.

టమోటా మండీలో రెండేళ్లు

ఇక్కడ మా చిన్నమ్మ కొడుకు గురించి చెప్పాలి. బీటెక్ అయిన ఏడాదే చిన్నాయనకు ఒంట్లో బాగాలేక మంచాన పడ్డాడు. వీడు ఇంటికి పెద్దోడు. మదనపల్లెలో తెలిసినవాళ్ల టమోటా మండీలో లెక్కలు రాసే పనికి కుదిరాడు. రెండేళ్లు అక్కడే. చిన్నాయన కోలుకున్నాక మళ్లీ సాఫ్ట్‌వేర్ ప్రయత్నాలు మొదలుపెట్టాడు. నాలుగు ఇంటర్వ్యూలు పోయాయి. ఓ రాత్రి ఫోన్ చేసి "అన్నా, నా రెజ్యూమే కొంచెం చూడన్నా" అన్నాడు.

చూశా. ఆ రెండేళ్ల దగ్గర 'ప్రిపేరింగ్ ఫర్ కాంపిటీటివ్ ఎగ్జామ్స్' అని ఉంది.

"ఏ ఎగ్జామ్ రాసినావురా?"

"ఏదీ రాయలేదన్నా."

"మరి ఏ ఎగ్జామ్, ఎన్ని మార్కులు అని అడిగితే?"

"అడిగినారన్నా. నాలుగు చోట్లా అడిగినారు." కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు. "మండీలో గుమాస్తా పని చేసినా అని ఎట్ల చెప్పేదన్నా? బీటెక్ చదివి?"

నా తిరుపతి గుర్తొచ్చింది. ఇంటర్వ్యూలో అబద్ధం చెబితే పట్టుబడేది దాని తర్వాతి ప్రశ్నలోనే. నిజానికి వెనకాల ఇంకో పది నిజాలుంటాయి, అడిగేకొద్దీ వస్తాయి. అబద్ధం వెనకాల గోడ ఉంటుంది.

"సరే, మండీలో ఏం చేస్తా ఉంటివో నాకు చెప్పు" అన్నా.

"ఏముందన్నా, క్రేట్ల లెక్క రాస్తా ఉంటి" అని మొదలుపెట్టి అరగంట చెప్పాడు. మండీ వాళ్లు రైతులకు ఖాళీ క్రేట్లు ఇస్తారు. కాయలు నింపుకొని వచ్చినప్పుడు అవి తిరిగి రావాలి. ఎవరు ఎన్ని తీసుకెళ్లారు, ఎన్ని తిరిగొచ్చాయి అన్నది ఒక పెద్ద పుస్తకంలో రాసేవాళ్లు. నెలకు అరవై, డెబ్బై క్రేట్లు లెక్క తేలేవి కావు. రైతు ఒక సంఖ్య చెబుతాడు, పుస్తకం ఇంకోటి చెబుతుంది. రోజూ గొడవే. వీడు తన ఫోన్లో గూగుల్ షీట్ ఒకటి తయారుచేశాడు. క్రేట్లు ఇచ్చిన వెంటనే ఆ సంఖ్యను రైతుకు వాట్సాప్‌లో పంపేవాడు. 'పుస్తకం ఉండగా ఫోనెందుకు?' అని యజమాని ఒప్పుకోలేదు. రెండు వారాలు పుస్తకం, ఫోను రెండూ నడిపి, ఎక్కడెక్కడ తేడా వచ్చిందో చూపించాడు. నాలుగు నెలలకు లెక్క తేలనివి పది లోపుకు వచ్చాయి.

"2023 జులైలో కిలో నూట యాభై దాటినప్పుడు చూడాల్సిందన్నా. తెల్లారుజామున వేలం మొదలయ్యేలోపు లెక్క రెడీగా లేకపోతే అందరూ మీద పడేవాళ్లు" అన్నాడు. అదే మార్కెట్లో ధర పడిపోయి, రైతులు కోత కూలి కూడా రాక కాయల్ని రోడ్డు పక్కన పారబోసిన రోజులూ మా వైపు అందరికీ తెలుసు. అలాంటి రోజు కూడా వీడు లెక్క రాశాడు. ఎదురుగా నిలబడిన రైతుతో ఏం మాట్లాడాలో తెలియక.

నాకు మాట రాలేదు. వాడి దగ్గర ఇంత సరుకు పెట్టుకుని, దాని మీద 'కాంపిటీటివ్ ఎగ్జామ్స్' అని గోనెపట్టా కప్పాడు.

'ఒత్తిడిలో ఎలా పనిచేస్తారు?', 'మీ మాట ఒప్పుకోనివాళ్లను ఎలా ఒప్పించారు?', 'మీ అంతట మీరు మొదలుపెట్టిన పని చెప్పండి'. ఇలాంటి ప్రశ్నలకు కంపెనీలు కోరేది స్టార్ పద్ధతిలో జవాబు. సందర్భం ఏంటి, అందులో మీ బాధ్యత ఏంటి, మీరు ఏం చేశారు, ఫలితం ఏంటి అని నాలుగు మెట్లు. అమెజాన్ లాంటి సంస్థలు ఇంటర్వ్యూల్లో ఇలాంటి అనుభవాలనే తవ్వి తవ్వి అడుగుతాయి. వాడి క్రేట్ల కథలో నాలుగు మెట్లూ ఉన్నాయి. సందర్భం: తేలని లెక్క. బాధ్యత: లెక్క రాసేది తనే. చేసింది: షీటు, వాట్సాప్, రెండు వారాల పోలిక. ఫలితం: డెబ్బై నుంచి పది లోపు.

మీరూ ఓ కాగితం తీసుకుని ఇలాంటివి మూడు రాసుకోండి. కాలేజీ ఫెస్టులో డబ్బు లెక్క కావచ్చు, ఇంటి కిరాణా కొట్టు కావచ్చు, ఊరి జాతరలో పార్కింగ్ కావచ్చు. 'మేం చేశాం' అని కాకుండా 'నేను చేశా' అని రాయండి. ఒక్క అంకె అయినా ఉండేలా చూడండి. ఆ మూడు కథలతో పది ప్రశ్నలకు జవాబు చెప్పొచ్చు. గ్యాప్ ఉందా? ఒక్క వాక్యంలో కారణం చెప్పి, ఆ కాలంలో చేసింది చెప్పండి. బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయా? ఉన్నాయని చెప్పి, ఎలా క్లియర్ చేశారో చెప్పండి. సాగదీయొద్దు, తల దించుకోవద్దు.

తెలియనిది అడిగితే...

1921లో థామస్ ఎడిసన్ తన దగ్గర ఉద్యోగానికి వచ్చేవాళ్లకు 140కి పైగా ప్రశ్నల పరీక్ష పెట్టేవాడు. ఆ ప్రశ్నలు పత్రికలకెక్కి పెద్ద చర్చే నడిచింది. అదే ఏడాది అమెరికా వెళ్లిన ఐన్‌స్టీన్‌ను బోస్టన్‌లో ఎవరో అందులోని ప్రశ్నే అడిగారు: ధ్వని వేగం ఎంత? పుస్తకాల్లో దొరికేవాటిని తాను బుర్రలో మోయనని ఆయన బదులిచ్చాడు.

మనం ఆ మాట అనలేం. ఆయన ఐన్‌స్టీన్! కానీ అందులోని సగం మనకు పనికొస్తుంది. 'ఇది నాకు తెలియదు. కానీ దీనికి దగ్గరగా ఫలానాది తెలుసు. అక్కడి నుంచి ఆలోచిస్తే ఇలా ఉండొచ్చు' అనండి. తెలియదని చెప్పినందుకు నేను ఎవరికీ మార్కులు తగ్గించలేదు. తెలియకుండా ఐదు నిమిషాలు మాట్లాడినందుకు చాలామందికి తగ్గించా.

అసలు ఊహించని ప్రశ్నా వస్తుంది. 1992లో హైదరాబాద్ కుర్రాడు సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ ఇంటర్వ్యూకు వెళ్లాడు. రోజంతా కోడింగ్ ప్రశ్నలు. చివర్లో రిచర్డ్ టెయిట్ అనే మేనేజర్ అడిగాడు: రోడ్డు మీద పసిబిడ్డ పడి ఏడుస్తోంది, ఏం చేస్తావు? నాదెళ్ల కాసేపు ఆలోచించి, 911కి ఫోన్ చేస్తానన్నాడు. టెయిట్ లేచి భుజం మీద చెయ్యేసి, ముందు బిడ్డను ఎత్తుకోవాలి కదా, నీకు కాస్త ఎదుటివాళ్ల బాధ తెలియాలి అన్నాడట. ఇక ఉద్యోగం రాదనుకున్నాడు నాదెళ్ల. వచ్చింది. 2014 ఫిబ్రవరిలో అదే కంపెనీకి సీఈఓ అయ్యాడు. ఈ సంగతి ఎవరో బయటపెట్టింది కాదు, తన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు.

ఇందులో నాకు నచ్చేది రెండు. ఒక్క జవాబు తేలిపోయినంత మాత్రాన ఇంటర్వ్యూ మొత్తం పోదు. ఒకటి తప్పిందని నాలాగా మిగతావన్నీ పోగొట్టుకోవద్దు. రెండోది, అలాంటి ప్రశ్నలకు గైడు జవాబు వెతక్కండి. మీ అవ్వ అయితే ఏం చేస్తుందో అది చేయండి. మా అవ్వ అయితే ఫోన్ ఎక్కడుందో కూడా చూసుకోదు, బిడ్డను చంకనేసుకుంటుంది.

ఐదేళ్లు, జీతం, చివరి ప్రశ్న

'ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటారు?' అంటే 'మీ కుర్చీలో సార్' అనే జోకు దయచేసి వద్దు. ఇప్పటికి చాలామంది ఆ కుర్చీలో కూర్చున్నారు. ఏం నేర్చుకోవాలనుకుంటున్నారో చెప్పండి. 'మొదటి రెండేళ్లు మంచి బ్యాకెండ్ డెవలపర్ కావాలి. ఆ తర్వాత నా తర్వాత చేరినవాళ్లకు నేర్పగలిగే స్థాయికి రావాలి' అన్నా చాలు.

'మా కంపెనీయే ఎందుకు?' అంటే 'మీది పేరున్న సంస్థ' అనొద్దు. వాళ్ల యాప్ ముందు రోజు వాడి చూడండి. నచ్చింది ఒకటి, ఇంకా బాగుండొచ్చు అనిపించింది ఒకటి చెప్పండి.

జీతం సంగతి ఫ్రెషర్లకు చాలావరకు ముందే ఖాయమై ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లు మాత్రం 'కంపెనీ పద్ధతి ప్రకారం ఇవ్వండి' అని వదిలేయొద్దు. మీ పనికి బయట ఎంత నడుస్తోందో కనుక్కుని 'ఇంత నుంచి ఇంత' అని చెప్పండి. పాత సీటీసీని పెంచి చెప్పొద్దు. పే స్లిప్పులు అడుగుతారు.

'మీరేమైనా అడుగుతారా?' అంటే 'నో సార్, థ్యాంక్యూ' అని లేచిపోకండి. 'ఈ ఉద్యోగంలో చేరినవాళ్లు మొదటి మూడు నెలలు ఏం చేస్తారు?' అని అడగండి. ఇంటర్వ్యూలో మేం మాట్లాడే అవకాశం అప్పుడే వస్తుంది. మాక్కూడా సరదాగా ఉంటుంది.

ఇదీ చెప్పకపోతే తప్పు

పర్సనాలిటీ ఒక్కటే గట్టెక్కించదు. కోడింగ్ రాకపోతే ఎంత మంచి కథా పనిచేయదు. మంచి కథ చెప్పి, కోడింగూ రాసి, ఉద్యోగం రానివాళ్లూ ఉన్నారు. ఒక్క పోస్టుకు ఇద్దరు సమానంగా ఉన్నప్పుడు ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది. ఊరి యాసను, కాలేజీ పేరును చూసి ముందే ఒక అంచనాకు వచ్చే ఇంటర్వ్యూయర్లూ ఉంటారు. ఆ గదిలో మీ తప్పు లేకపోవచ్చు.

అందుకే ఇప్పుడు చాలా సంస్థలు అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ఒకే కొలతతో మార్కులు వేస్తున్నాయి. అలా పద్ధతిగా చేసే ఇంటర్వ్యూలు, నోటికొచ్చింది అడిగేవాటి కంటే మంచి ఉద్యోగిని బాగా గుర్తిస్తాయని 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు పరిశోధకులు 85 ఏళ్ల అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు. అలాంటి ప్యానెల్ ముందు నవ్వించడం కంటే వివరం చెప్పడమే లాభం.

ఇక చాట్‌జీపీటీ. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ప్రశ్న అడగ్గానే రెండు సెకన్లు మౌనం. కళ్లు ఎడమ నుంచి కుడికి కదులుతాయి. తర్వాత తప్పుల్లేని ఇంగ్లిష్‌లో జవాబు. మాకు తెలిసిపోతుంది. 'ఇందాక మీరన్నది ఇంకాస్త వివరంగా చెప్పండి' అంటే చాలు, బండి ఆగిపోతుంది. దాన్ని వాడొద్దని కాదు. జవాబు రాయమని అడగొద్దు. మీ కథ మీరు చెప్పి, 'దీని మీద నన్ను ఐదు ప్రశ్నలు అడుగు' అనండి. అప్పుడది మంచి ట్యూషన్ మాస్టారు.

ఇంకో చిన్న సాధన. మీ కథను ముందు ఇంట్లో మీ మాటల్లో, మీ యాసలో చెప్పి ఫోన్లో రికార్డు చేసుకోండి. విని, మీకే విసుగొచ్చిన చోట కోసేయండి. మిగిలిన దాన్ని చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లోకి మార్చుకోండి. బట్టీ కొట్టొద్దు. మీకు జరిగిందే కదా, మర్చిపోరు.

మా చిన్నమ్మ కొడుకు రెజ్యూమే మార్చాడు. 'అకౌంట్స్ అసిస్టెంట్, టమోటా మండీ, మదనపల్లె' అని రాశాడు. కింద క్రేట్ల షీటు గురించి రెండు లైన్లు. పోయిన వారం ఐదో ఇంటర్వ్యూకు వెళ్లాడు. చిన్నమ్మ బోయకొండకు వెళ్లొచ్చిందట. పువ్వు ఎటు పడిందో వాడు చెప్పలేదు, నేను అడగలేదు.

సాయంత్రం ఫోన్ చేశాడు. రెండో రౌండుకు రమ్మన్నారట. ఫలితం ఇంకా తెలియదు.

"ఏం చెప్పినావురా ఆడ?" అన్నా.

"మండీ గురించే చెప్పినా అన్నా. ఇరవై నిమిషాలు దాని మీదే అడిగినారు. వాళ్లు అడిగేది నిలపలేదు, నేను చెప్పేది నిలపలేదు" అన్నాడు. కాసేపాగి, "లాస్ట్‌లో ఆయన 'అప్పుడు కిలో ధర ఎవరు నిర్ణయిస్తారు?' అని అడిగినాడన్నా. అది ఇంటర్వ్యూ క్వశ్చన్ కాదనుకుంటా. ఊరికే తెలుసుకుందామని అడిగినట్టుంది" అన్నాడు.